కాచని నీళ్ళు

నైరుతి గాలి. కింద మేఘం. నేల జాడ లేదు.

పడవ నడపడం రానివాళ్ళే చిట్టా రాయాలని మా గాలిపడవ పెద్దకొంగ మీద రివాజు. నడిపేవాళ్ళు తమ తప్పులు తామే రాసుకోరు కదా. నేను వంట చేస్తే మాడుతుంది, గాలిసంచికి అతుకు వేస్తే మర్నాటికి ఊడుతుంది. అందుకని సభలో వేరే పేరు రాలేదు. "విసాలప్పకి నోరున్నాది, కలమున్నాది. రెండూ ఒక్క తాడుకి కట్టీసి మూల కూకోబెట్టండి" అంది సరంగు పైడమ్మ, చక్రం మీంచి చెయ్యి తియ్యకుండానే. అందరూ చేతులెత్తారు.

కోత కూలీలం మేము. సముద్రం కోస్తాని మింగాక మా వాళ్ళకి మిగిలిన ఊరు ఇదే. పెద్ద గాలిసంచి, దాని కింద వేలాడే వెదురు పడవ. గాలి ఎటు తోస్తే అటు వెళ్తాం, పంట ఎక్కడ పండితే అక్కడ దిగుతాం.

ఇవాళ మెట్ట రేవులో ఒక కుటుంబాన్ని ఎక్కించుకున్నాం. ఎక్కగానే గవరయ్య తాత ఉమ్మడి కుండ ముందుకు జరిపాడు. కుండకి కాపు ఆయనే. ఆ ఇంటి తల్లి కొంగు చాటున తెచ్చుకున్న సీసా తీసి తమ ఊరి నీళ్ళు ఒక గ్లాసు కుండలో పోసింది.

"ఏ ఊరని అడగం. ఏ ఇల్లని అడగం. పోసినారు కదా, ఇక తాగండి" అన్నాడు తాత.

వాళ్ళు తాగారు. తరవాత మేమందరం వరసగా అదే గ్లాసుతో తాగాం. ఏ రేవులో ఎవరు ఎక్కినా ఇంతే. ఎన్ని ఊళ్ళ నూతులు, ఎన్ని వాగులు ఆ కుండలో కలిశాయో లెక్క లేదు. లెక్క ఉండకూడదు కూడా.

ఆ కుండలో నీళ్ళు కాచకూడదు. వడగట్టకూడదు. మూత పెట్టకూడదు. ఎందుకని అడిగే కొత్తవాళ్ళకి జవాబు నేనే చెబుతాను, ఆ పని నాకిష్టం. తరతరాలుగా ఈ మనుషుల నీడ పడిందని నూతులకి శుద్ధి చేశారయ్యా. వీళ్ళ చెయ్యి తగిలిన చేదని నిప్పులో కాల్చారు. ఎడంగా నిలబెట్టి, పైనుంచి దోసిట్లోకి పోశారు. ఇప్పుడు నువ్వు వచ్చి, వీళ్ళ నీళ్ళని మళ్ళీ నిప్పు మీద పెడతానంటావా? ఏ మురికి పోవాలని? ఈ మాట అన్నప్పుడల్లా నా గొంతు లేస్తుంది. లేవదా మరి? నా పెద్దలు పైనుంచి పోసినవాళ్ళు. పెద్దకొంగ మీద ఇంటిపేర్లు రద్దు చేశాం గానీ, నేను నోరు విప్పితే చాలు, ఎవరింటి పిల్లనో పడవంతా పసిగడుతుంది.

గ్లాసులు తిరుగుతుండగానే గుమ్మటాల రేడియో మొదలైంది. అద్దాల గుమ్మటాల కింద చల్లగా కూర్చున్న పట్నాలవాళ్ళు రోజూ మాకు పంపే ఆశీర్వచనం అది. "దిమ్మరులను లోపలికి రానివ్వకండి. వారి మెదళ్ళు చెడిపోయాయి." వీళ్ళు ఇవాళ తిన్న అన్నం ఏ దిమ్మరి కోసిందో కనుక్కున్నారా ఎప్పుడైనా? మాకు ఒక్క రేవులోనైనా మంచినీళ్ళ గొట్టం వేశారా? రేడియో నెత్తి మీద ఒక్కటిచ్చాను.

"దాన్ని కొట్టకప్పా" అంది పైడమ్మ నవ్వుతూ. "దానికీ గాలిమత్తే."

మాట కొంచెం ముద్దగా వచ్చింది. నవ్వు వల్ల అనుకున్నాను.

గాలి పలచన. ఎండ కింది మేఘం మీంచి కొడుతోంది.

ఇంత ఎత్తులో మనిషికి గాలి చాలదు. మెలకువగా ఉంటూనే కల వస్తుంది. దాన్నే గాలిమత్తు అంటాం. మా లెక్కలో అది జబ్బు కాదు, ప్రయాణంలో ఒక రుచి. ఇవాళ సంచికి జిగురు రాస్తుంటే మేఘం మీద నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు నాకు కనిపించారు. మోకాలి లోతు తెలుపులో దిగి ఉన్నారు. వాళ్ళు వంగిన చోటల్లా ఒక పచ్చటి మొన లేచి ఊగుతోంది. చివర్న ఉన్నామె నడుం నిమురుకుంటూ తల తిప్పి, "ఒడ్డునే నిలబడి ఎంతసేపు మాట్లాడతావు?" అంది. జిగురు డబ్బా నా చేతిలోంచి జారి మేఘంలో పడింది. చప్పుడు రాలేదు.

ఎవరికి మత్తెక్కితే వాళ్ళ చుట్టూ చేరి వినడం మా సరదా. ఇవాళ పైడమ్మ చుట్టూ చేరాం. చాలా రోజులు జ్వరంతోనే చక్రం పట్టిన మనిషి. జ్వరం జారిందనుకున్నాం. అంతలో కాళ్ళు తేలిపోయి, తాగినదానిలా తూలింది. తమ్ముడు ఎర్రన్న చక్రం అందుకున్నాడు. ఇప్పుడు చాప మీద కూర్చుని, కళ్ళు బార్లా తెరిచి, మమ్మల్ని దాటి మా వెనక ఏదో చూస్తూ మాట్లాడుతోంది.

"నీలం బర్రెలొస్తన్నాయి... దారియ్యండర్రా... అదిగో మన రేవు. నీల్ల కింద ఎంత తేటగా ఉన్నాదో. మాయమ్మ దీపాలు ఉతికి దండెం మీద ఆరేస్తన్నాది... ఆరిపోకండా ఆరతన్నాయి..."

మాట్లాడుతున్నంతసేపూ చేతులు గాల్లో చక్రం తిప్పుతూనే ఉన్నాయి. కుడికి కాస్త, ఎడమకి కాస్త. ఆ లేని చక్రానికి పడవ కూడా ఒరుగుతోందేమోనని నేను నిజంగానే కిందికి తొంగిచూశాను.

"ఎంత బాగా సెప్తన్నాదిరా మాయప్ప! ఇలగ ఎప్పుడూ సెప్పనేదు" అంటూ ఎర్రన్న చక్రం ఇంకొకరికి అప్పగించి వచ్చాడు. కుండలో గ్లాసు ముంచి ఆమె పెదాలకి పెట్టాడు. గాలిమత్తుకి మాకు తెలిసిన మందు అదొక్కటే. ఊళ్ళ నీళ్ళు లోపలికి దిగితే మనిషి నేలకి దిగుతాడని నమ్మకం. పొద్దుట్నుంచి ఎన్నిసార్లు పట్టాడో. వాడు అలిసిపోతే నేనూ పట్టాను.

మేఘం కిందికి దిగాం. తుంపర. నేల కనిపిస్తోంది.

కిందికి వస్తే మత్తు వదలాలి. అందరికీ వదిలింది. జనం ఆవులించి, మొహాలు కడుక్కుని, పనుల్లో పడ్డారు. పైడమ్మ మాత్రం ఇంకా అక్కడే ఉంది, తన నీలం బర్రెల మధ్య.

నర్సు రాహేలు నన్ను సంచి తాళ్ళ చాటుకి లాక్కెళ్ళింది. "నొప్పెట్టదు" అని అబద్ధమాడి సూది గుచ్చే రకం కాదు రాహేలు. "నొప్పెడతాది, ఓర్సుకో" అంటుంది.

"అప్పా, అది గాలిమత్తు కాదు. మత్తయితే ఈపాటికి దిగీది. టైఫాయిడ్. మా ముసిలోల్లు సన్నిపాతం అనీవోరు. పేగుల్లో ఉండాల్సిన జొరం, ఎప్పుడో, ఎవులికో తలకెక్కుతాది. మాట ముద్దయిపోద్ది, నడక తూలిపోద్ది. కల్లు తెరుసుకోనే కలల్లో పడిపోతారు. దుప్పటి పీకతన్నాది, సూసినావా?"

చూశాను. చక్రం తిప్పనప్పుడు ఆ వేళ్ళు దుప్పటి మీద లేని దారాలు ఏరుతున్నాయి. దాన్ని కూడా కథలో భాగం అనుకున్నాం మేము. చుట్టూ కూర్చుని విని ఆనందించాం.

"మందుందా?"

"సూదిమందున్నాది. పైడమ్మ ఒక్కర్తికయితే సరిపోద్ది. కానీ వంటకాడ ఇద్దరికి జొరం అందుకున్నాది. ఆ కుండ ఇలగే తిరిగితే ఇంకా పడతారు. అందరికీ తలో సుక్కా పంచితే ఎవులికీ పనిసెయ్యదు. అదలగుంచు. ఇటు నాను మందు ఎక్కిస్తన్నాను, అటు ఎర్రన్న మల్లీ అదే పోస్తన్నాడు."

నాకు ఒళ్ళు మండింది. "నువ్వు కూడానా రాహేలూ? ఆ రేడియో మాట నీ నోట రావాలా?"

"రేడియో మనుసుల్ని అంటన్నాది. నాను నీల్లని అంటన్నాను. కాస్తే సాలు."

"అయితే సభలో లేచి చెప్పు."

"నాను సెప్పలేనప్పా. ఆ దోసిలి పట్టి నిలబడినోల్లలో మా ముత్తవ్వ ఒకర్తి. ఆ కుండని పొయ్యెక్కించమని నా నోటితో ఎలగ అనీది? నువ్వు సెప్పు. వాదించడం నీకు అలవాటే."

"నేను చెబితే మా ముత్తాత లేచొచ్చి మాట్లాడినట్టుంటుంది!"

"సరే. నువ్వూ సెప్పలేవు, నానూ సెప్పలేను." రాహేలు కొంగుతో మొహం తుడుచుకుంది. "మరి పైడమ్మ సావాలా?"

గాలి లేదు. పడవ నిలిచిపోయింది.

సభ పెట్టమన్నాను. పెట్టారు. కింద ఎండిన బీడు, పైన సంచి, మధ్యలో మేము. పైడమ్మ గొణుగుడు ఒక సన్నటి పాటలా అందరి మాటల కిందా సాగుతూనే ఉంది.

రాహేలు చెప్పిన రోగం గురించి చెప్పాను. అరుదుగా వస్తుందని, వచ్చినప్పుడు గాలిమత్తు వేషం వేసుకొస్తుందని చెప్పాను. తిరిగేవాళ్ళకే ఎక్కువ తగులుతుంది, ఎందుకంటే మన ఒంటికి ప్రతి రేవులో నీళ్ళు కొత్తే. "కుండని తీసెయ్యమనడం లేదు. కాచమంటున్నాను. ఆనాటి వాళ్ళ భయం మనిషంటే. నా భయం పురుగంటే. ఆ రెండింటికీ తేడా తెలియని మనుషులమా మనం?"

"టీ అయితే కాస్తన్నాం గదా తాతా? దానికి తప్పు నేదేటి?" అన్నాడు వెనకనుంచి ఒకడు. నవ్వులు లేచాయి.

"టీ నీల్లు మేఘంలో ఏసిన మంచు వలల్లో పట్టినవి. ఆటికి ఊరూ నేదు, పేరూ నేదు. కాసుకో, ఏడుసుకో" అన్నాడు గవరయ్య తాత.

"పోనీ, తాగడానికీ ఆ మంచు నీళ్ళే పెట్టుకుందాం" అన్నాను.

"కుండ ఒగ్గీసి ఏ ఊరివీ కాని నీల్లు తాగిన్నాడు మనం ఒక్క పడవోల్లం కాదమ్మా. పక్కపక్కన కూకున్న బేరగాల్లం." తాత లేచి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. "విసాలమ్మా, నీ మనసు మంచిదే. కానీ ఆల్లూ ఇలగే అనీవోరు తల్లీ. మనిసి మీద మాకు కోపమేటి, రోగమొస్తాదని బయం అనీవోరు. సుబ్బరం కోసమనీవోరు. ఎంత మెత్తగా సెప్పీవోరో."

వాదనలో ఓడిపోవడం నాకు కొత్త కాదు. కానీ ఆయన అన్నది నా మాటే. శుభ్రత పేరు చెప్పి మనిషిని వెలివేశారని కరపత్రాల నిండా రాసినదాన్ని నేను, దానికి నేనే ఏం జవాబు చెప్పను?

ఎర్రన్న అక్క చెయ్యి పట్టుకునే ఉన్నాడు. "పేనం మీదికొచ్చినోల్లకి నీల్లు ఆపీడం మీ ఇంట ఆచారం కావొచ్చు. మా ఇంట నేదు" అన్నాడు నా కేసి చూడకుండా.

ఓటు పెట్టారు. కాచమని నేను చెయ్యెత్తాను. కాసేపటికి, చాలా బరువైనదేదో ఎత్తుతున్నట్టు, రాహేలు ఎత్తింది. అంతే. తీర్మానం వీగిపోయింది. రాశాను.

ఇంకా గాలి లేదు.

పొద్దున్నే గ్లాసు వరసలో నా దాకా వచ్చింది. వద్దన్నాను.

ఈ పడవ గాల్లోకి లేచిన నాటినుంచి ఆ గ్లాసుని తోసేసినవాళ్ళు లేరు.

"సూసినారేటి! రద్దు సేసినామనుకున్నాం, ఇంటిపేరు తిరిగొచ్చీసింది" అన్నాడు ఎర్రన్న. "ఎల్లప్పా. మడి కట్టుకోని ఆ మంచు తొట్టికాడ కూకో. ఎవులూ నిన్ను తాకం."

"ఆ నీళ్ళూ తాగను" అన్నాను. "మీకు లేని నీళ్ళు నాకొద్దు. కాచిన రోజున మీ అందరితో కలిసి, ఈ గ్లాసుతోనే తాగుతాను. అప్పటిదాకా ఏ నీళ్ళూ లేవు."

"బెదిరింపేటి?"

"అనుకో."

దీక్షలంటే నాకు ఒళ్ళుమంట. కడుపు మాడ్చుకుని ఎదుటివాడి చెయ్యి మెలిపెట్టడం ఏం వాదన? కరపత్రాల్లో అలాగే రాశాను, ఇప్పటికీ అదే అంటాను. కానీ నా దగ్గర వాదన అయిపోయింది. దాహం ఒక్కటే మిగిలింది.

పైడమ్మ చాప పక్కన కూర్చున్నాను. ఎండ ఎక్కేకొద్దీ నాలుక దూదిపింజె అయింది, తరవాత అదీ ఎవరిదో అయింది. కింద బీడు నీళ్ళలా కదలడం మొదలుపెట్టింది. ఇంత కింద గాలిమత్తు రాదని నాకు తెలుసు. అయినా చూశాను, మునిగిపోయిన మా ఊళ్ళ వీధుల్లో చేపలు ఇంటింటికీ వెళ్ళి తలుపు తడుతున్నాయి. ఎవరూ తియ్యడం లేదు. పైడమ్మ చేతులు చక్రం తిప్పుతున్నాయి, ఆ వీధుల మలుపులన్నీ ఆమెకి తెలుసు. "ఎడమకి, ఎడమకి" అంటోంది. పక్కనే ఉన్న నేను ఎడమకి ఒరిగాను.

రాహేలు వచ్చి నా కనురెప్పలు లాగి చూసింది. "నువ్వు పడితే నా కాడ నీకు మందు నేదు" అంది.

"దాహానికి మందేమిటే."

"నీల్లు" అంది కోపంగా, వెళ్ళిపోతూ. వెళ్ళి గ్లాసు తిరిగే వరసలో నిలబడింది. తన వంతు వచ్చినప్పుడు ఆమె కూడా తాగలేదు. గ్లాసు చేత్తో పట్టుకుని, పక్కవాళ్ళకి అందించి, వచ్చి నా పక్కన కూర్చుంది. ఎవరూ ఆమెని ఏమీ అనలేకపోయారు. ఏ ఇంటిపేరు తీసి అంటారు?

తూర్పు గాలి లేచింది. సంచి ఊపిరి పీల్చుకున్నట్టు కదిలింది.

పొద్దెక్కాక గవరయ్య తాత వచ్చాడు. మా ఇద్దరి ముందూ గొంతుకూర్చున్నాడు. నా పెదాలు చూశాడు, రాహేలు పెదాలు చూశాడు. పైడమ్మ వేళ్ళు ఏరుతున్న దారాలు చూశాడు.

"రాతిరంతా ఆలోసించినాను" అన్నాడు. "మా ముసిలోల్లు సెప్పిన కతలన్నీ తిరగేసినాను. మడి కట్టినోల్లు అందులో శానామంది ఉన్నారు. తిట్టినోల్లు, కొట్టినోల్లు, మెత్తగా సెప్పినోల్లు. కానీ ఆల్లలో దాహంతో పడుకున్నోడు ఒక్కడు నేడు. ఆల్ల నూతి నీల్లు ఆల్లకి ఎప్పుడూ ఉన్నాయి."

ఇంకేమీ అనలేదు. వెళ్ళి కుండని చంకకెత్తుకున్నాడు. పడవంతా చూస్తుండగా, అడుగులో అడుగు వేసుకుంటూ వంటసాలకి నడిచాడు. ఎర్రన్న పొయ్యికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. తాత ఆగాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పైడమ్మ అప్పుడే "తాడు ఒగ్గండ్రా" అని అరిచింది, తన కలలో ఎవరి మీదో. ఎర్రన్న పక్కకి జరిగాడు. వెదురు ముక్కలు అందించలేదు, కానీ జరిగాడు.

మంట అంటుకున్నాక నాలోని చిట్టాదారు లేచింది. "తాతా, ఇది సభ తీర్మానానికి విరుద్ధం. రాయాలి."

"రాయమ్మా. కుండ కాపు తప్పు సేసినాడని రాయి."

రాశాను. నీళ్ళు కుతకుతమన్నాయి. చల్లార్చే ఓపిక లేక వెచ్చగానే గ్లాసు తిప్పారు. అందరితో పాటు, అదే గ్లాసుతో, నేనూ రాహేలూ తాగాం. పొగ వాసన. ఏ ఊరి రుచీ తెలియలేదు. నాకు ఏడుపొచ్చింది. అది దేనికో నేను చెప్పను.

ఈశాన్య గాలి. మేఘాలు పక్కనుంచి నడుస్తున్నాయి.

చాలా రోజులు రాయలేదు. కొత్త జ్వరాలు రాలేదు. వంటకాడి ఇద్దరూ లేచారు. మందంతా పైడమ్మకే దక్కింది. దక్కినా ఎన్నో పొద్దులు ఆమె కళ్ళు మా వెనకే చూశాయి, చేతులు ఒక్కో పొద్దుకీ కాస్త నెమ్మదించాయి. నిన్న అవి ఆగిపోయాయి. ఆగిపోతే భయపడ్డాం. రాహేలు ఆమె గుండె మీద చెవి పెట్టి, పడుకుందంతే, అంది.

ఇవాళ పొద్దున ఎర్రన్న గ్లాసు పెదాలకి పెడితే, పైడమ్మ మొహం చిట్లించి ఉమ్మేసింది.

"నోరు కాల్సీసినావు! ఎవుడ్రా ఇది కాసినోడు?"

మాట ఇంకా ముద్దగానే ఉంది. కానీ కళ్ళు ఎర్రన్ననే చూస్తున్నాయి. ఎర్రన్న గ్లాసు కింద పెట్టి, ఆమె పాదాల మీద తల ఆన్చి బావురుమన్నాడు. "ఏడవకొరే. పెద్దోడివి" అని అతని జుట్టు తడమబోయింది. చెయ్యి గురి తప్పి చాప మీద పడింది.

జరిగిందంతా రాహేలు ఆమెకి చెప్పింది. తాత చేసిన తప్పుని సక్రమం చెయ్యాలని సాయంత్రం మళ్ళీ సభ పెట్టాం. కుండలో పోసిన నీళ్ళు కాచాకే తాగాలి, అందరూ ఒకే గ్లాసుతో తాగాలి. అదీ తీర్మానం. చేతులు లేచాయి. ఎర్రన్నది కూడా లేచింది. ఏకగ్రీవం అని రాయబోతున్నాను.

"నాను ఒప్పను" అంది చాప మీంచి పైడమ్మ.

"ఏమే! ఆ నీళ్ళే నిన్ను చావు దాకా తీసుకెళ్ళాయి. వింటున్నావా?"

"ఇన్నాను. రాహేలు సెప్పింది నిజమే. అయినా ఒప్పను. రేపు ఆ నిప్పు ఎవులి సేతికి పోద్దో మీకు తెలుసేటి? నీ సేతిలో ఉంటే పరవాలేదప్పా. నువ్వు పోయినాక?"

నాకు మళ్ళీ ఒళ్ళు మండింది. ఎన్ని రోజుల తరవాతో, హాయిగా మండింది. వాదించడానికి మనిషి తిరిగొచ్చింది. "అయితే మాటలతో కాదు, చెయ్యెత్తు. సభకి కనబడాలి" అన్నాను.

ఎత్తింది. ఒకసారి పక్కవాడి చెవికి తగిలింది. ఒకసారి తన ముక్కుకే తగిలింది. ఎర్రన్న పట్టుకోబోతే రాహేలు వద్దని సైగ చేసింది. ఎవరూ తొందరపెట్టలేదు. గాలి మమ్మల్ని మోస్తూ పోతోంది, పక్కన మేఘం కూడా ఆగి చూస్తున్నట్టుంది. చాలాసేపటికి ఆ చెయ్యి మా తలల పైకి వచ్చి అక్కడ నిలబడింది.

లెక్క రాశాను. వ్యతిరేకం: ఒకటి. సరంగు పైడమ్మ.